శీలావతి మగ చేపల్లో పాలు పలుచగా వస్తుంటే సూది మందు పెంచాలా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర చిన్న హేచరీ. అందరికంటే ముందు సీడ్ (చేపపిల్లలు) తీద్దామని ఏప్రిల్ మొదట్లోనే శీలావతికి హార్మోన్ సూది వేశాం. మగవాటికి కిలోకు 0.2 మి.లీ. ఇస్తే పాలు (వీర్యం) చుక్కలుగా వచ్చాయి. మరో జట్టుకు 0.4 మి.లీ. ఇస్తే ఎక్కువే వచ్చాయి గానీ నీళ్లలా ఉన్నాయి. గుడ్లు చాలావరకు తెల్లబడి పాడైపోయాయి. చనిపోయిన మగ చేపను కోసి చూస్తే లోపల గులాబీ రంగులో రెండు సన్నటి దారాలు కనిపించాయి. ఇది రోగమా? మందు ఇంకా పెంచాలా?

జవాబు: రోగం కాదండీ. మందు మాత్రం పెంచకండి. మీరు చూసిన ఆ రెండు దారాలే వృషణాలు. గాలితిత్తికి కింద, పేగుకు పైన, పొట్ట పొడవునా జంటగా ఉంటాయి. వెనక భాగంలో వీర్యనాళంగా కలిసి మూత్ర రంధ్రం దగ్గర బయటికి తెరుచుకుంటాయి. శీలావతి సహజంగా గుడ్లు పెట్టేది జూన్ నుంచి ఆగస్టు దాకా, కొత్తనీరు వచ్చాక. అప్పుడు ఇదే చేపను కోస్తే వృషణాలు తెల్లగా, లావుగా ఉబ్బి పొట్టంతా ఆక్రమించి కనిపిస్తాయి.

కార్పు చేప వృషణం లోపల సన్నని గొట్టాలు ఒకదానితో ఒకటి కలిసి వలలా ఉంటాయి. వాటి గోడల వెంట చిన్న చిన్న సంచులుంటాయి. సెర్టోలి కణాలు ఒక మూలకణాన్ని చుట్టుకుని ఈ సంచి కడతాయి. లోపలి కణాలు అన్నీ ఒకేసారి విభజన చెందుతూ, ఒకేసారి వీర్యకణాలుగా మారతాయి. పక్వానికి రాగానే సంచి పగిలి వీర్యకణాలు గొట్టంలోకి చేరతాయి. గొట్టాల మధ్య ఉండే లేడిగ్ కణాలు 11-కీటోటెస్టోస్టిరాన్ అనే హార్మోను ఇచ్చి ఈ పనంతా నడిపిస్తాయి. దీనికి వారాలు పడుతుంది. ఒక్క రాత్రిలో జరిగేది కాదు.

మీరు వేసిన సూది ఇందులో చివరి మెట్టుకే పనికొస్తుంది. అది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి చేత ఎల్‌హెచ్ హార్మోనును విడుదల చేయించి, అప్పటికే తయారైన వీర్యాన్ని ద్రవంతో కలిపి కిందికి దింపుతుంది. కొత్తగా వీర్యకణాలను పుట్టించదు. చెరువు నిండకుండా తూము ఎత్తి లాభమేముంది? మందు రెట్టింపు చేసినప్పుడు ద్రవం పెరిగింది, కణాలు పెరగలేదు. పాలు నీళ్లలా కనిపించింది అందుకే. పక్వమైన మగ చేపకు కిలోకు 0.1 నుంచి 0.2 మి.లీ. చాలు.

ఇకమీదట సూది వేసే ముందు మగ చేపను చేత్తో చూసుకోండి. రొమ్ము రెక్క లోపలి వైపు వేలితో రాస్తే గరుకుగా తగలాలి, ఆడదానికి నున్నగా ఉంటుంది. పొట్ట కింద తోక వైపుగా మెల్లగా ఒత్తితే చిక్కటి తెల్లటి పాలు రావాలి. పలుచగా వచ్చినా, ఎర్రజీర కనిపించినా ఆ చేపను పక్కన పెట్టండి.

పొట్ట ఒత్తి గుడ్లు, పాలు బయటికి తీసి చేత్తో కలిపే పద్ధతి వాడుతుంటే తడి విషయంలో చాలా జాగ్రత్త అవసరం. వీర్యకణాలు తమ ద్రవంలో ఉన్నంతసేపూ కదలవు. మంచినీరు తగిలిన క్షణం నుంచే ఈదడం మొదలుపెడతాయి, నిమిషం రెండు నిమిషాల్లోనే శక్తి అయిపోతుంది. ఆలోపు గుడ్డుకున్న సూక్ష్మరంధ్రంలోకి దూరాలి. మూత్రం కలిసినా అవి ముందే కదిలి నీరసిస్తాయి. అందుకే చేపను పొడిగుడ్డతో తుడిచి, మొదటి చుక్కలు పారబోసి, తర్వాతి పాలు పొడి గిన్నెలోని గుడ్ల మీద పట్టండి. బాగా కలిపాకే నీళ్లు పోయండి.

మేత సంగతి కూడా చూడండి. డీఓబీ (నూనె తీసిన తవుడు) ఒక్కటే వేస్తే తల్లిచేపలకు చాలదు. వేరుసెనగ చెక్క, కొంత చేపపొడి కలిపి మాంసకృత్తులు 25–30 శాతం ఉండేలా ఇవ్వండి. సూది వేయడానికి రెండు మూడు నెలల ముందే ఆడ, మగ చేపలను వేర్వేరు చెరువుల్లో ఉంచి, మధ్యమధ్యలో కొత్తనీరు పెట్టండి. ఇప్పుడు సూది వేసిన మగవాటిని విడిగా వదిలి మంచి మేత వేయండి. మే నెలాఖరుకు నాలుగైదు చేపలను పట్టి ఒత్తి చూడండి. పాలు చిక్కగా దిగితేనే సూది పట్టుకోండి.

– మత్స్య శాస్త్రవేత్త