ఈ-క్లాస్ ఇచ్చేసి మస్టాంగ్ తీసుకోవచ్చా? నేను తీసుకున్నాను కాబట్టి చెబుతున్నా

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఉంటారు, లాంగ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువున్న) బెంజ్ ఈ-క్లాస్, ఈ 220డీ ఉంది, దాన్ని అమ్మేసి సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ తీసుకోవాలని ఉంది. ఇంట్లో మీరు, మీ ఆవిడ, ఒక పాప, అమ్మగారు. వయసు నలభై దాటింది. పిచ్చిపనా, కాదా? తీసుకుంటే ఏ రంగు?

కొంచెం పిచ్చిపనే. అచ్చం ఇదే పని నేను 2021 ఫిబ్రవరిలో చేశాను. నాదీ ఈ 220డీయే. కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అమ్మే ఉద్దేశం లేదు. అయినా మీకు నేరుగా 'తీసుకోండి' అని చెప్పలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను.

ముందు నేను చేసిన తప్పు. టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున ఆరింటికి చేశాను. నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లొచ్చాం. పక్కన అమ్మేవాళ్ల మనిషి తప్ప ఎవరూ లేరు. ఖాళీ రోడ్డు, చల్లటి గాలి, ముందు పొడవాటి బానెట్, కాలు కాస్త నొక్కగానే వెనకనుంచి ఎవరో తోసినట్టు ఊపు. ఆ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, చప్పుడు నాలుగు వేల ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాటాక మారుతుంది, గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నట్టు. బెంజ్‌లో వందలో వెళ్తున్నా అరవైలో వెళ్తున్నట్టే ఉంటుంది. ఇందులో అరవైకే వందలో ఉన్నట్టు ఒళ్లంతా తెలుస్తుంది. తిరిగి వచ్చేలోపే మనసులో అడ్వాన్స్ ఇచ్చేశాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కొత్తగూడ నుంచి మూసాపేట మీదుగా బాలానగర్ వెళ్లి చూసుంటే అంత తొందరపడేవాణ్ని కాదు. మాకు బాలానగర్‌లో చిన్న ప్యాకింగ్ యూనిట్ ఉంది, రోజూ రానూపోనూ ముప్ఫై కిలోమీటర్లు. ఆ దారిలో ఈ కారు ఏం చేస్తుంది? ఏమీ చేయదు. పైగా చాలామంది గమనించని విషయం ఒకటుంది. మీ బెంజ్ డీజిల్ ఇంజను 400 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) 1,600 ఆర్పీఎం దగ్గరే ఇచ్చేస్తుంది. మస్టాంగ్‌ది 515, కానీ అది పూర్తిగా అందేది 4,250 దగ్గర. అంటే సిగ్నల్ పడ్డాక ముందున్న ఆర్టీసీ బస్సుకీ పక్కనున్న ఆటోకీ మధ్య సందు దొరికినప్పుడు, పాత కారు ఎంత సునాయాసంగా దూరేదో ఇదీ అంతే, అంతకు మించి ఏం లేదు. 5 లీటర్ల ఇంజను, సుమారు 400 హార్స్‌పవర్, అన్నీ ఆ ట్రాఫిక్‌లో గుర్రాన్ని గుమ్మానికి కట్టేసినట్టు ఉంటాయి. పోనీ ఔటర్ మీద అంటారా, ఇప్పుడు మొదటి రెండు లేన్లలో 120, తర్వాతి రెండింటిలో 80 పరిమితి. ఈ కారు వంద అందుకోవడానికి అయిదు సెకన్లు చాలు. 120కి ఇంకో రెండు. ఔటర్ మొత్తం పొడవు 158 కిలోమీటర్లు. ఆ ఏడు సెకన్ల తర్వాత మిగతా దూరమంతా కెమెరాల వైపు చూస్తూ బుద్ధిగా నడపాల్సిందే.

కారు ఇంటికొచ్చిన రెండో వారం మా నాన్నను మోకాలి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయనకి డెబ్బై దాటాయి, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. మస్టాంగ్‌కి డోర్లు రెండే కాబట్టి ఒక్కోటి చాలా పొడవుంటుంది. మా సెల్లార్‌లో పక్క కారుకీ స్తంభానికీ మధ్య అది సగమే తెరుచుకుంటుంది. అందుకని కారు బయటికి తెచ్చి గేటు ముందు పెట్టాను. నాన్న కర్ర నాకిచ్చి, డోర్ అంచు పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, సీటు ఎంత కిందుందో చూసి ఆగిపోయారు. "ఇది కారెక్కడం కాదురా, బావిలోకి దిగడం" అన్నారు. ఎలాగో కూర్చున్నారు. ఆసుపత్రి దగ్గర దిగేటప్పుడు నేనొక చెయ్యి, అక్కడి సెక్యూరిటీ గార్డు ఒక చెయ్యి పట్టుకుని లేపాం. అక్కడ నిలబడ్డ కుర్రాళ్లిద్దరు కారును ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నారు. ఆ వీడియోలో నాన్న కూడా పడి ఉంటారు.

తర్వాతి చెకప్‌కి ఆయన ఆటోలో వెళ్తానన్నారు. కోపంతో కాదు, మామూలుగానే. "ఆటో సీటు సరిగ్గా నడుమెత్తున ఉంటుంది, అలా జరిగి కూర్చుంటే చాలు" అన్నారు. కింద అంత ఖరీదైన కారు పెట్టుకుని నాన్నను ఆటో ఎక్కించి వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు.

వెనక సీటు సంగతి కూడా వినండి. మీ ఈ-క్లాస్ వీల్‌బేస్ 3,079 మిల్లీమీటర్లు, దీనిది 2,720. కాగితం మీద అడుగుకు కాస్త ఎక్కువ తేడా, కానీ ఆ అడుగంతా వెనకవాళ్ల కాళ్లదే. వెనక ఇద్దరికే సీట్లు. ముందు సీటు వంచితే తప్ప అందులోకి వెళ్లలేరు. అప్పట్లో తొమ్మిదో తరగతి చదువుతున్న మా పాపకి మొదట్లో భలే సరదాగా ఉండేది. మూడో వారానికి "నాన్నా, స్కూల్ గేటు ముందు ఆపకు, ఆ మూలన దింపెయ్" అంది. అందరూ చూస్తున్నారట. మా ఆవిడ సంగతి వేరు. బెంజ్‌లో వెనక కాళ్లు చాపుకుని నిద్రపోతూ వచ్చే మనిషి, ఇందులో పట్టుచీరతో ఫంక్షన్ హాల్ ముందు దిగాల్సి వచ్చేసరికి "ఇంకోసారి పెళ్లికి ఇది తెస్తే నేను క్యాబ్‌లో వస్తా" అని తేల్చేసింది.

పిల్లలున్నారు కాబట్టి ఇంకోటి చూసుకోండి. యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2017 జనవరిలో ఈ తరం మస్టాంగ్‌కి ఇచ్చినవి అయిదుకి రెండు స్టార్లే. కొన్ని మార్పుల తర్వాత అదే ఏడాది మూడయ్యాయి. మన దగ్గర 2016 జులైలో అమ్మకానికి వచ్చింది మార్పులకు ముందున్న కారే. మీ బెంజ్‌లో ఉన్న భద్రతంతా ఇందులోనూ ఉంటుందని అనుకోవద్దు.

ఇక స్పీడ్ బ్రేకర్లు. రోడ్లకు ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా వంపు తిరిగి ఉండాలి. అలాంటిది మీ కాలనీలో ఒక్కటైనా చూశారా? ఎవరి గేటు ముందు వాళ్లు వేసుకున్న సిమెంటు దిమ్మలే. వాటిని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దింపాలి. వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి, పట్టించుకోకూడదు. నాకు బాగా అలవాటైంది గానీ ఆ అలవాటు ఊరికే రాలేదు. మొదటి నెలలోనే మా అపార్ట్‌మెంట్ ర్యాంప్ దిగుతూ ముందు బంపర్ కింది అంచు పగలగొట్టుకున్నాను. తప్పు పూర్తిగా నాదే, ఫోన్ మాట్లాడుతూ దిగాను. ఒక గ్యారేజీ వాళ్లు వారంలో ఇస్తామని రెండు నెలలకు పైగా ఉంచుకున్నారు. ఇది మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీలో తయారై పూర్తి కారుగా దిగుమతైంది, బాడీ పార్టులు పక్క షాపులో దొరకవు. దానికి తోడు నేను కొన్న ఏడో నెలలో, 2021 సెప్టెంబరులో, ఫోర్డ్ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ రోజు నా ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చిన జోకులు ఇక్కడ రాయలేను.

పెట్రోలు గురించి ఒక్క మాటలో చెబుతాను. ఊళ్లో నాకు లీటరుకి నాలుగు, నాలుగున్నర. ఔటర్ మీద బుద్ధిగా వెళ్తే తొమ్మిది దాకా. ట్యాంకు 61 లీటర్లు. లీటరు 107 దాటిన మన ఊళ్లో నింపితే ఆరున్నర వేలు, రోజువారీ పనికి వాడితే పదో రోజుకి మళ్లీ బంకు. డీజిల్ బెంజ్ నుంచి వస్తున్నారు కాబట్టి మొదటి రెండు నెలలు గుండె గుభేలుమంటుంది.

ఇన్ని చెప్పి మరి ఎందుకు ఉంచుకున్నావంటారా?

బెంజ్ ఉన్నప్పుడు నేను వెనక కూర్చునేవాణ్ని. డ్రైవర్ అన్న నడిపేవాడు, నేను ఫోన్ చూసుకునేవాణ్ని. ఏ రోడ్డు మీద వెళ్తున్నామో కూడా తలెత్తి చూసేవాణ్ని కాదు. అది ఉన్నన్నాళ్లూ సొంతంగా నడిపింది మొత్తం కలిపినా నెల రోజులుండదు. ఇప్పుడు నెలకి రెండు మూడు ఆదివారాలు అయిదున్నరకి లేచి, అప్పా జంక్షన్ దగ్గర మలుపు తీసుకుని, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా అనంతగిరి వైపు వెళ్తాను. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద కిటికీ దించి నెమ్మదిగా, యాభైలోనే వెళ్తుంటే, ఆ ఇంజను గుడగుడ చెట్లకు తగిలి వెనక్కి వినిపిస్తుంది. నిజంగా చెబుతున్నా, ఆ సుఖానికి 400 హార్స్‌పవర్ అక్కర్లేదు. వికారాబాద్ దాటి ఘాట్ మొదలయ్యాక మాత్రం స్టీరింగ్ బరువు, వెనక చక్రాల తోపు, బ్రేకు పట్టు అన్నీ చేతికి తెలుస్తాయి. ఆ గంటన్నరలో ఫోన్ ఎక్కడుందో కూడా గుర్తుండదు. మా నాన్నకి ఈ కారంటే పడదు గానీ "ఆదివారం వీడు మనిషిలా ఉంటున్నాడు" అని మా అత్తయ్యతో అన్నారట.

ఎనిమిదో నెలలో ఇంటికి ఒక పాత ఆటోమేటిక్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. నాన్న ఆసుపత్రికి, పాప స్కూలుకి, పెళ్లిళ్లకి అదే. డ్రైవర్ అన్న దాన్నే నడుపుతాడు. నేను బాలానగర్ కూడా ఎక్కువ రోజులు దాంట్లోనే వెళ్తున్నాను. అంటే లెక్క చూస్తే నేను బెంజ్ ఇచ్చి మస్టాంగ్ తీసుకోలేదు. బెంజ్ ఇచ్చి ఒక హ్యాచ్‌బ్యాకూ ఒక ఆదివారమూ తీసుకున్నాను.

కాబట్టి మీ ఇంట్లో రెండో కారు ఉందా, లేదా కొనే వీలుందా అన్నది ముందు తేల్చుకోండి. లేకపోతే బెంజ్ అమ్మకండి. ఉంటే, టెస్ట్ డ్రైవ్ ఆదివారం కాకుండా పనిరోజు అడగండి, అమ్మగారిని వెంట తీసుకెళ్లండి, మీ సెల్లార్ ర్యాంప్ ఒకసారి దింపి ఎక్కించండి. అమ్మేవాళ్లు మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

కారు నచ్చితే వెనక టైర్లు వంగి చూడండి. ఇందులో లైన్ లాక్ అని ఒకటుంది. ముందు బ్రేకులు మాత్రమే పట్టి ఉంచి వెనక చక్రాలను ఉన్నచోటే గిర్రున తిప్పుతుంది. రేస్ ట్రాక్ మీద టైర్లు వేడెక్కించడానికి పెట్టారు. మనవాళ్లు ఖాళీ లేఅవుట్లలో పొగ లేపి రీల్స్ చేయడానికి వాడారు. ముందు టైర్లు పాతవై, వెనకవి మాత్రం కొత్తగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ముందువి 255, వెనకవి 275 సైజు, కాబట్టి ముందువి వెనక్కి మార్చి సరిపెట్టుకోవడం కుదరదు. బండి మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 (అప్పు తీరిందని ఆర్టీఏకి ఇచ్చే ఫారం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ బండైతేనే చూడండి. వేరే రాష్ట్రం బండి చవగ్గా కనిపిస్తుంది గానీ ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చవక ఎక్కడా కనబడదు. వానల్లో డ్రైవ్ మోడ్ మార్చడం మరిచిపోవద్దు, స్నో/వెట్ అని ఉంటుంది. మాకు మంచు కురవదు కదా అని నేను మొదటి వానాకాలం దాని జోలికి వెళ్లలేదు. ఒకరోజు బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర తడిరోడ్డు మీద మలుపులో కాస్త గట్టిగా నొక్కితే వెనక భాగం పక్కకి జారింది. అప్పట్నుంచి చినుకు పడితే చాలు, ముందు ఆ మీటే నొక్కుతాను.

రంగు అడిగారు. నాది ముదురు బూడిద రంగు. పసుపు చాలా అందంగా ఉంటుంది, కాదనను. కానీ పొద్దున అయిదున్నరకి సెల్లార్‌లో దీన్ని స్టార్ట్ చేస్తే పక్క కారు అలారం మోగుతుంది. వాట్సాప్ గ్రూపులో "ఎవరిదండీ ఆ కారు?" అని మెసేజ్ పడినప్పుడు, బూడిద రంగైతే కనీసం రెండు మూడు రోజులు ఎవరూ కనిపెట్టలేరు.