రాళ్ళు తీయించకండి: స్నేక్ నది గండి పక్క సేజ్‌బ్రష్ నేల గురించి

అడిగిన ప్రశ్న: "అమెరికాలోని ఐడహోలో బోయిసీకి దక్షిణంగా, స్నేక్ నది కాన్యన్ వైపు అరెకరం స్థలం కొన్నాం. నేలంతా రాళ్ళు, సేజ్‌బ్రష్ పొదలు. రాళ్ళన్నీ ఏరించి, బయటి నుంచి మట్టి తెప్పించి పోస్తే తోట వస్తుందా?"

తీయించకండి. మిగతాదంతా తర్వాత చదివినా ఫరవాలేదు, మిషన్ తెచ్చే మనిషికి మాత్రం ముందు ఫోన్ చేసి రావద్దని చెప్పండి.

నేను అదే వైపు, క్యూనా అనే ఊరు దాటాక, తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. పుట్టింది అనంతపురం జిల్లాలో. రాళ్ళ నేల నాకు కొత్త కాదు. అయినా మొదటి ఏడాది నేనూ మీలాగే ఆలోచించాను. రెండడుగుల గుంత తీసి, రాళ్ళన్నీ ఏరి, కొన్న కంపోస్టు నింపి ప్లమ్ మొక్క పెట్టాను. మొదటి వేసవి బాగానే గడిచింది. మరుసటి వసంతంలో మంచు కరిగిన నీళ్ళు ఆ గుంతలో చేరి అక్కడే నిలిచిపోయాయి. మే నెలకు ఆకు పసుపు తిరిగింది, జూన్‌లో చెట్టు పోయింది. పెరికి చూస్తే వేళ్ళు నల్లబడి కుళ్ళు వాసన. ఏడాదికి 250, 300 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట నా చెట్టు నీళ్ళు ఎక్కువై చచ్చిపోయింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

2019లో నాయన ఆరు నెలలు ఉండడానికి వచ్చాడు. నలభై ఏళ్ళు వేరుశనగ పండించిన మనిషి. చేతికి పని లేకపోతే ఆయనకు అన్నం సయించదు. మే ఆఖరి శనివారం ఇంకో మొక్క పెడదామంటే సరేనన్నాడు. కానీ గడ్డపార చేతికిచ్చినా తవ్వలేదు. ముందు స్థలమంతా ఒక చుట్టు తిరిగాడు. ఒక సేజ్‌బ్రష్ రెమ్మ తుంచి, ఆకు నలిపి వాసన చూశాడు.

"ఏమిరా, వినాయకచవితికి తెచ్చే మాచిపత్రి వాసన వస్తాంది" అన్నాడు.

తర్వాత చూస్తే ఆయన ముక్కు పొరబడలేదు. మాచిపత్రి, దవనం, ఈ సేజ్‌బ్రష్ మూడూ ఆర్టెమీసియా ప్రజాతివే. (వంటలో వాడే సేజ్ వేరే మొక్క. పేరు చూసి ఈ ఆకు కూరలో వేసుకున్నవాళ్ళు నాకు తెలుసు, దయచేసి వేయకండి.)

అప్పుడు ఆయన కంచమంత రాయి ఒకటి పక్కకి దొర్లించాడు. అప్పటికి రెండు వారాలుగా చినుకు లేదు. చుట్టూ మట్టి పిండిలా ఎగురుతోంది. ఆ రాయి కింద మాత్రం మట్టి ముదురు రంగులో, వేలు పెడితే చల్లగా ఉంది. తెల్లటి సన్న వేళ్ళు అల్లుకుని ఉన్నాయి. "చూస్తివా, రాయి తీసేస్తే ఈ తేమ యాడికి పోతాది?" అని ఆ రాయిని మళ్ళీ ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టాడు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. వాన తక్కువ పడే చోట రాయి నీటిని కాపాడుతుంది. పడిన కాస్త వానా రాయి మీద నిలవకుండా పక్క సందుల్లోంచి కిందికి జారుతుంది. ఎండ అక్కడిదాకా వెళ్ళి లాగలేదు. అదే వాన బంకమట్టి మీద పడితే పైన రెండంగుళాల్లోనే నిలిచి మర్నాటికి ఆవిరైపోతుంది. డెల్టా జిల్లాల వాళ్ళకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది, ఎండు ప్రాంతాల్లో జరిగేది మాత్రం ఇదే. రాయితో నష్టమూ ఉంది. నేలలో సగం రాయే అయితే ఆ నేల పట్టుకునే నీళ్ళూ దాదాపు సగమే, వేరు దూరం వెతుక్కుంటూ పోవాలి. అందుకే గుంత లోతు కన్నా వెడల్పు ముఖ్యం.

ఇక తవ్వకం మొదలైంది. పైన అంగుళంన్నర మందాన ఒక పెచ్చు లేచింది. దాన్ని విరిస్తే లోపలంతా రొట్టెముక్కలో ఉన్నట్టు బుడగల తొర్రలు. పొదల మధ్య బోసి నేలలో ఇది కడుతుంది, వాన దీని మీద పడి ఇంకకుండా పారిపోతుంది. దాని కింద మెత్తటి సన్న మట్టి, గాలి వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పోసిన ధూళి. కాన్యన్ గోడల మీద అన్ని డేగలు గూళ్ళు కట్టడానికి ఈ మట్టీ ఒక కారణమని ఇక్కడ చాలామందికి తెలియదు. పైన మైదానంలో మట్టి మెత్తగా, లోతుగా ఉంటే నేల ఉడుతలు బొరియలు తవ్వుకుంటాయి, డేగలకు అవే తిండి. 1993లో ఇక్కడ స్నేక్ రివర్ బర్డ్స్ ఆఫ్ ప్రే రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. వెళ్ళినవాళ్ళందరూ ఆకాశం వైపే చూసి వస్తారు, కాళ్ళ కింది మట్టిని ఒక్కరూ చూడరు.

అడుగు లోతు దాటాక రాళ్ళు పెరిగాయి. నాయన ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూపించాడు. ఒక పక్క నల్లగా నున్నగా ఉంది, ఇంకో పక్క సున్నం పూసినట్టు తెల్లటి పొర. తీసిన ప్రతి రాయికీ అంతే, తెలుపు ఎప్పుడూ అడుగు వైపే. నీళ్ళు రాయి చుట్టూ జారి, అడుగున వేలాడి, అక్కడే ఆరిపోతూ కాస్త సున్నం వదిలి వెళ్తాయి. ఆ పొర ఎంత మందంగా ఉంటే నేల అంత పాతది. ఆ రాయి ఇప్పటికీ మా కిటికీ గట్టు మీద ఉంది.

ఇరవై రెండు అంగుళాల దగ్గర గడ్డపార ఖంగుమంది. తెల్లటి గట్టి పొర.

"సుద్దరా ఇది. నీ చెట్టును సంపింది ఇదే, రాళ్ళు కాదు" అన్నాడు.

ఒక ముక్క తెచ్చి వెనిగర్ పోశాను, బుసబుసమని పొంగింది, అంటే సున్నం ఉన్నట్టు. రాత్రంతా నానబెట్టి పొద్దున చూస్తే సగం కరిగి సగం రాయిలాగే మిగిలింది. ఈ ప్రాంతంలో చాలాచోట్ల సున్నంతో పాటు సిలికా కూడా మట్టిని సిమెంటులా పట్టేస్తుంది, దానికి ఆమ్లం పనిచేయదు. గట్టి పొర విరగ్గొడుతుందని ఒక దుకాణంలో నాకు నాలుగు సంచుల జిప్సం అంటగట్టారు. జిప్సం పనికొచ్చేది సోడియం ఎక్కువున్న చౌడు నేలకు. ఇలాంటి పొరను అది ఏమీ చేయలేదు. గంధకం మాటా అంతే. నేలలో ఇంత సున్నం ఉంటే మీరు వేసే గంధకం దాన్ని తటస్థం చేయడానికే చాలదు, పీహెచ్ ఎనిమిది దగ్గరే కూర్చుంటుంది. ఇంత జరుగుతున్నా ఇక్కడి నర్సరీల్లో మేపుల్ మొక్కలు అమ్ముతూనే ఉన్నారు. ఇనుము, మాంగనీస్ నేలలో ఉన్నా ఆ పీహెచ్ దగ్గర వేరు తీసుకోలేదు, మూడో ఏడాదికి ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ. మా వీధిలోనే ఐదున్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇప్పటికే పెట్టేసుంటే వేరు తీసుకోగలిగేలా చేసిన ఇనుము మందు, అంటే ఇనుము కీలేట్‌లో ఈడీడీహెచ్ఏ రకమే కొనండి, చవక రకాలు ఈ నేలలో నిలవవు.

నాయన, నేను మార్చి మార్చి రెండు గంటలు పొడిచాం. ఆ పొర మందం అర అడుగే, కింద మళ్ళీ పగిలిన బసాల్ట్ (నల్ల లావా రాయి) కంకర. పొడవకముందు పోసిన బకెట్ నీళ్ళు అన్నం తినొచ్చేదాకా అలాగే ఉన్నాయి. బొక్క పడ్డాక పోసినవి చూస్తుండగానే దిగిపోయాయి. అప్పుడు తీసిన మట్టే, తీసిన రాళ్ళతో సహా, తిరిగి నింపాం. కంపోస్టు గుంతలో వేయలేదు, పైన పరిచాం. దాని మీద మళ్ళీ రాళ్ళు. పాదు మూడడుగుల వెడల్పు. రాళ్ళ కింద నల్ల గుడ్డ పరచమని ఎవరైనా చెబితే వినకండి, మట్టి ఊపిరాడక చస్తుంది.

మీ రాళ్ళు గుండ్రంగా ఉన్నాయా, మూలలు తేలి ఉన్నాయా? మూలలవైతే కింది లావా పలక నుంచి పగిలినవి, పలక దగ్గరలోనే ఉందని అర్థం. గుమ్మడికాయల్లా నున్నగా ఉంటే నీళ్ళు దొర్లించినవి. సుమారు 18 వేల ఏళ్ళ కిందట బాన్‌విల్ అనే అప్పటి పెద్ద సరస్సు తెగి ఈ గండిలో పడినప్పుడు తెచ్చిన బండలు సెలబ్రేషన్ పార్క్‌లో గుట్టలుగా ఉన్నాయి, వాటి మీద పాతకాలపు మనుషులు చెక్కిన బొమ్మలూ ఉన్నాయి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళండి.

పొదల మధ్య నల్లటి గరుకు పొర, నాచు ఉంటే దాని మీద ట్రక్కు తిప్పనివ్వకండి. అది బతికున్న పొర, మట్టిని గాలికి పోకుండా పట్టి ఉంచేది అదే, పగిలితే తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అది పోయిన చోటల్లా చీట్‌గ్రాస్ అనే కలుపు గడ్డి వస్తుంది, జూన్‌కల్లా ఎండుతుంది, నిప్పురవ్వ పడితే సేజ్ అంతా బూడిద. బయటి మట్టి ట్రక్కుతో పాటు దాని విత్తనాలూ వస్తాయని మరచిపోకండి.

ఏ పరీక్షకూ పంపకముందు పొదల ఎత్తు చూడండి. మనిషెత్తు సేజ్ ఉన్న చోట మట్టి లోతుగా ఉంటుంది, చెట్లు అక్కడ పెట్టుకోండి. మోకాలి దగ్గరే ఆగిపోయిన చోట పలకో సుద్దో పైకే ఉంటుంది, అక్కడ గట్టులా ఎత్తు చేసి కూరగాయలు వేసుకోవచ్చు. మా రెండో ప్లమ్ నిలిచింది, పోయిన ఆగస్టులో రెండు బుట్టలు కాసింది. మీ పొదలు ఎంత ఎత్తున్నాయో కొలిచి కింద రాయండి, గుంత ఎక్కడ తీయాలో చెబుతాను. గడ్డపార కావాలంటే మాది తీసుకెళ్ళండి.