లబ్బక్‌లో చదువుకోవడానికి వస్తున్న అమ్మాయికి

చి. శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. ఈపాటికి మీ అమ్మ సూట్‌కేసు నిండా స్వెటర్లు సర్దేసి ఉంటుంది. కొంచెం ఆగమను. టెక్సస్ అనగానే హ్యూస్టన్, డాలస్‌లలో ఉన్నవాళ్లు తలా ఒక సలహా ఇస్తారు, కానీ లబ్బక్ కౌంటీకి అవి సరిపోవు. ఇక్కడ ఎండ, చలి సంగతి తర్వాత. ముందు గాలిని చూసుకుని బతకాలి.

ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 3,200 అడుగుల ఎత్తులో ఉంది. అయినా కొండన్నదే కనపడదు. లానో ఎస్టకాడో అనే ఈ పీఠభూమి పెనంలా చదునుగా ఉంటుంది, గాలికి అడ్డం వచ్చేది ఏమీ లేదు. ఏడాదికి వాన 18, 19 అంగుళాలు, అంటే 470 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. కరువుకు పేరుపడ్డ మన అనంతపురంలోనే 550 దాకా పడుతుంది కదా! అయినా చుట్టూ కనుచూపు మేర పత్తి వేస్తారు. సగం వాన మీద, సగం ఒగల్లాలా భూగర్భజలం మీద ఆధారం. ఆ నీళ్లు కూడా ఏటా కిందికి దిగిపోతున్నాయి. మన బోర్ల కథ నీకు కొత్తగా చెప్పాలా?

ఆగస్టులో దిగుతున్నావు కాబట్టి మొదట్లో నీకు ఊరు తెగ నచ్చేస్తుంది. పగలు 33, 34 డిగ్రీలున్నా చెమట పట్టదు, సాయంత్రం అయ్యేసరికి చల్లబడుతుంది. గాలిలో తేమ లేకపోవడమే కారణం. దాంతోనే పెదాలు పగులుతాయి, కొందరికి ముక్కులోంచి రక్తం కూడా వస్తుంది. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతుండు. ఇల్లు చూసేటప్పుడు ఒక్క మాట అడుగు: చల్లదనానికి రిఫ్రిజిరేటెడ్ ఎయిరా (అంటే మన ఏసీ), కూలరా? పాత ఇళ్లలో కప్పు మీద మన గడ్డి ప్యాడ్ల కూలర్ లాంటిదే ఉంటుంది. పొడిగాలిలో అది బాగానే పనిచేస్తుంది, కరెంటు బిల్లు కూడా తక్కువే. కానీ బయట దుమ్ము లేచిన రోజు ఆ గాలిని ఇంట్లోకి లాగుతుంది, అది మాత్రం నాకు నచ్చదు.

అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో నీళ్లు గడ్డకట్టేంత చలి పడి పత్తి ఆకు రాలుతుంది. అక్కణ్నుంచి ఉత్తరం గాలులు మొదలు. వీటిని ఇక్కడివాళ్లు నార్దర్ అంటారు. పొద్దున టీషర్టు మీద క్లాసుకు వెళ్లినవాళ్లు సాయంత్రం వణుక్కుంటూ వస్తారు. కొన్ని గంటల్లోనే ముప్పై, నలభై ఫారన్‌హీట్ డిగ్రీలు పడిపోతుంది. ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయల్దేరకు. 20 ఫారన్‌హీట్ ఉండి గాలి గంటకు 30 మైళ్ల వేగంతో వీస్తుంటే ఒంటికి 1 డిగ్రీ ఉన్నట్టే ఉంటుంది, మన లెక్కలో మైనస్ 17. అందుకే అంటున్నాను, లావుపాటి స్వెటర్లు నాలుగు కొనే బదులు గాలి దూరని జాకెట్ ఒకటి ఇక్కడికొచ్చాక కొనుక్కో. లోపల పల్చటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకుంటే చాలు. మంచు ఏడాదికి కొన్ని అంగుళాలే, ఫొటోలు దిగే లోపే కరిగిపోతుంది. దానికన్నా సన్నటి జల్లు రోడ్డు మీద గడ్డకట్టిన రోజు ప్రమాదం. ఆ రోజు కారు తీయొద్దు.

అసలు పరీక్ష మార్చి, ఏప్రిల్ నెలల్లో. పత్తి చేలు మే దాకా ఖాళీగా ఉంటాయి, భూమి ఎండి ఉంటుంది, పడమటి గాలి రోజంతా ఆగదు. మధ్యాహ్నానికి ఆకాశం ఇటుక రంగుకు తిరుగుతుంది. కిటికీలు బిగించినా గడప దగ్గర ఎర్ర దుమ్ము సన్నని గీతలా పేరుకుంటుంది, కంచంలో అన్నం కరకరమంటుంది. పెద్దమ్మ మాట: వడియాలు జూలైలో పెట్టుకో, ఏప్రిల్లో పెడితే రంగు వేసినట్టే. ఉబ్బసం ఉంది కాబట్టి నీ ఇన్‌హేలర్ మరిచిపోకు, మాస్కులు దగ్గర ఉంచుకో.

దుమ్ములో డ్రైవింగ్ గురించి కాస్త శ్రద్ధగా చదువు. ముందు కారు కనపడనంత దుమ్ము వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా ఆపు. లైట్లు ఆర్పెయ్, బ్రేక్ మీద కాలు తియ్యి. లైట్లు వెలుగుతుంటే వెనకవాళ్లు నువ్వు రోడ్డు మీదే వెళ్తున్నావనుకుని వచ్చి గుద్దుతారు. 2011లో ఇక్కడ 6 అంగుళాల వాన కూడా పడలేదు. ఆ అక్టోబరు 17న నేల మీంచి గోడ లేచినట్టు దుమ్ము వచ్చి ఊరిని కమ్మేసింది. చూస్తుండగానే పట్టపగలు చీకటైపోయింది.

మే, జూన్ నెలల్లో తూర్పు నుంచి వచ్చే తడి గాలీ పడమటి ఎడారి గాలీ ఈ ప్రాంతంలో ఎదురుపడతాయి. సాయంత్రాలు ఉరుములు, వడగళ్లు. నిమ్మకాయంత పడితే కారు అద్దం పోయినట్టే. మన పిల్లలు డబ్బులు మిగులుతాయని ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే వర్తించే లయబిలిటీ ఇన్సూరెన్స్ ఒక్కటే తీసుకుంటారు. దానికి వడగళ్ల నష్టం రాదు, కాంప్రహెన్సివ్ కూడా ఉండాలి.

టోర్నడో అంటే మీ అమ్మ భయపడుతోందని తెలుసు. 1970 మే 11 రాత్రి ఇక్కడ పెద్దదే వచ్చింది, 26 మంది పోయారు. ఆ తర్వాతే మీ యూనివర్సిటీ టెక్సస్ టెక్‌లో గాలి మీద పరిశోధన మొదలైంది. ఇప్పుడు దేశమంతా టోర్నడోల తీవ్రతను కొలిచే ఈఎఫ్ స్కేలు తయారైంది కూడా అక్కడే. ఫోన్‌లో ‘వాచ్’ అని వస్తే రావచ్చని అర్థం, నీ పని నువ్వు చేసుకుంటూ ఒక కన్ను వేసి ఉంచు. ‘వార్నింగ్’ అని వస్తే ఇక టైమ్ లేదు, కింది అంతస్తులో కిటికీలు లేని బాత్‌రూమ్‌లోకి వెళ్లి తల కప్పుకో. బాల్కనీలో నిలబడి వీడియో తీయొద్దు, ప్రతి ఏడూ ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారు.

వాన నీళ్ల గురించి మర్చిపోయాను. ఊళ్లో వాననీరు ఎక్కువగా రోడ్ల మీదుగానే ప్లాయా అనే గుంట చెరువుల్లోకి పోతుంది. అంగుళం పడినా కొన్ని కూడళ్లు మునుగుతాయి, లోతు తెలియని నీళ్లలోకి కారు పోనివ్వకు.

టికెట్ ఇంకా తీయలేదన్నావు. డాలస్‌లో ఇమిగ్రేషన్ అయ్యాక లబ్బక్ ఫ్లైటుకు కనీసం నాలుగు గంటలు ఉండేలా చూసుకో. ఆగస్టు సాయంత్రాలు అక్కడ ఉరుములొస్తే విమానాలు ఆపేస్తారు. పగటి ఫ్లైటు అయితే మేలు. తీసిన వెంటనే నంబరు పంపు, ఎయిర్‌పోర్టుకు నేనే వస్తాను.

మీ పెదనాన్న