సెయిలింగ్ సెక్రటరీ అయిన మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి,

మావయ్య ఆశీస్సులు. క్లబ్బులో చేరి రెండేళ్లు కాకముందే నిన్ను సెయిలింగ్ సెక్రటరీని చేశారంటే ఆ పదవికి ఇంకెవరూ ముందుకు రాలేదన్నమాట. ఎక్కడైనా అంతే. వార్షిక సమావేశంలో ఆ మాట రాగానే పాతవాళ్లంతా తలలు దించుకుంటారు. సంగతి తెలియక తల ఎత్తి కూర్చున్న కొత్తవాడు దొరికిపోతాడు. నేనూ అలా దొరికినవాణ్ణే.

నీ బెంగ అర్థమైంది. యార్డులో నలభై పడవలుంటే ఆదివారం రేసుకు దిగేవి ఏడు, అందులో రెండు కమిటీవాళ్లవి. అందుకని కొత్త ట్రోఫీ పెడదామని, ఇంకో సిరీస్ కలుపుదామని రాశావు. వద్దురా. ఉన్న రేసులకే జనం రాకపోతే కొత్తది పెట్టి ఎవరికి ఇస్తావు? మిగతా ముప్ఫైముగ్గురూ ఎందుకు రావట్లేదో ముందు కనుక్కో. గ్రూపులో మెసేజ్ పడేసి ఊరుకోకు, ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యి. నేను చేసినప్పుడు వచ్చిన జవాబులు వింటే నవ్వుతావు. ఒకాయన చుక్కాని తగిలించే పిన్ను విరిగి ఏడాదైందట, ఎవరిని అడగాలో తెలియక పడవ మీద కవర్ కప్పేసి కూర్చున్నాడు. ఒకావిడకి జతగా వచ్చే క్రూ లేదు. ఇంకో కుర్రాడు స్టార్టు లైను దగ్గర ఎవరో "స్టార్‌బోర్డ్!" అని గట్టిగా అరిస్తే తిట్టారనుకుని మానేశాడు.

ఆ కుర్రాడి సంగతి చాలాకాలం నన్ను వదల్లేదు. గాలి ఎడమ పక్క నుంచి తగిలే పడవ, కుడి పక్క నుంచి తగిలే పడవకి దారి ఇవ్వాలి. ఆ కేక అర్థం అంతే: నేను స్టార్‌బోర్డ్ మీద ఉన్నాను, అంటే నాకు గాలి కుడి పక్క నుంచి తగులుతోంది, చూసుకో అని. ఆ ఒక్క ముక్క వాడికి చెప్పినవాడు లేడు. అప్పట్నుంచి సీజన్ మొదట్లో ఒక సాయంత్రం టేబుల్ మీద అగ్గిపెట్టెలు పెట్టి మూడే మూడు రూల్స్ చెప్పేవాణ్ణి. ఇది ఒకటి. గాలి ఇద్దరికీ ఒకే పక్క నుంచి తగులుతుంటే, గాలికి దగ్గరగా ఉన్న పడవే పక్కకు తప్పుకోవాలి. వెనక నుంచి వచ్చేవాడు ముందున్నవాడికి అడ్డం పడకూడదు. కొత్తవాడు మొదటి రేసు ఆడటానికి ఈ మూడూ చాలు. మిగతా రేసు రూల్స్ పుస్తకమంతా తర్వాత చదువుకుంటాడు. ఎలాగూ దాన్ని నాలుగేళ్లకోసారి మారుస్తారు, ఇప్పుడు నడుస్తున్నది 2025–2028 ప్రతి. అన్నట్టు, ఆ పుస్తకంలో మొట్టమొదటి రూలు గెలుపు గురించి కాదు. ఆపదలో ఉన్నవాళ్లకి ప్రతి పడవా చేతనైనంత సాయం చెయ్యాలని. మీ నోటీసు బోర్డు మీద ఏదైనా పెద్ద అక్షరాల్లో రాయాలనిపిస్తే అది రాయి.

ఇక డ్యూటీ లిస్టు. నీ ఉద్యోగంలో అసలు పని ఇదే. రేసు నడిపేవాడు ఒకడు, టైము రాసేవాడు ఒకడు, రెస్క్యూ బోటులో ఇద్దరు. ఈ నలుగురూ లేకపోతే ఆ రోజు పడవలు యార్డులోనే ఉంటాయి. మీ క్లబ్బులో ఈ పనులన్నీ ప్రతివారం అదే ఇద్దరు ముగ్గురి నెత్తిన పడుతున్నాయని రాశావు. వాళ్లు మంచివాళ్లు, ఏమీ అనరు. ఓ రోజు చెప్పాపెట్టకుండా మానేస్తారు. అప్పుడు తెలుస్తుంది. రేసు ఆడే ప్రతివాడికీ సీజన్‌లో రెండు మూడు డ్యూటీలు వెయ్యి, తేదీలు ముందే ఇవ్వు, వీలుకానివాడు తనే ఇంకొకరితో మార్చుకోవాలని చెప్పు. డ్యూటీ వల్ల రేసు పోగొట్టుకున్నవాడికి ఆ సిరీస్‌లో వాడి సగటు పాయింట్లు వేసెయ్. మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2 అని తక్కువ పాయింట్లవాణ్ణి గెలిపించే లెక్కలో, రేసుకు రానందుకు వాడి ఖాతాలో పెద్ద అంకె పడితే డ్యూటీ అంటేనే పారిపోతాడు.

ఒక చిట్కా. ప్రతి పాతవాడి పక్కనా ఒక కొత్తవాణ్ణి వెయ్యి. రేసు నడిపే కమిటీ బోటులో ఒక మధ్యాహ్నం కూర్చుంటే పది పాఠాలు వస్తాయి. స్టార్టుకి 5 నిమిషాలుందనగా ఆ రకం పడవల క్లాసు జెండా పైకి, 4 నిమిషాలుందనగా పి అనే జెండా పైకి, ఒక్క నిమిషం ఉందనగా పి కిందికి, సున్నాకి క్లాసు జెండా కిందికి. హారన్ మోగకపోయినా ఫరవాలేదు, లెక్క జెండాదే. ఆ తాడు తన చేత్తో లాగినవాడు మళ్లీ జన్మలో స్టార్టు సీక్వెన్స్ మర్చిపోడు. పైగా గాలి ఎటు తిరుగుతోందో పడవలో ఉన్నప్పటికంటే లంగరు వేసి కూర్చున్నప్పుడే బాగా కనిపిస్తుంది.

రెస్క్యూ బోటు దగ్గర మాత్రం మొహమాటం పెట్టుకోకు. నడిపేవాడి కాలికి కిల్ కార్డ్, అదే ఇంజిన్ ఆపే తాడు, లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆ రోజుకి వాణ్ణి దింపెయ్, ఎంత పెద్దవాడైనా సరే. మనిషి నీళ్లలోకి జారితే ఇంజిన్ ఆగాలి, ఆ తాడు ఉన్నది అందుకే. పడవ బోల్తా పడిన చోటికి వెళ్లగానే ముందు తలలు లెక్కపెట్టమని చెప్పు. ఇద్దరు ఎక్కారంటే రెండు తలలు కనిపించాలి. ఒకటే కనిపిస్తే పడవ సంగతి తర్వాత, తెరచాప కింద వెతకాలి. ఇద్దరూ క్షేమంగా పడవ పట్టుకుని ఉంటే మాత్రం తొందరపడి పైకి లాగకూడదు. కాస్త దూరంలో ఆగి, బాగున్నారా అని అడిగి, వాళ్లనే లేపుకోనివ్వాలి. ముక్కు గాలికి ఎదురుగా తిప్పి, షీట్, అంటే తెరచాప లాగే తాడు, వదిలేసి, పడవ అడుగున ఉండే సెంటర్‌బోర్డ్ పలక మీద బరువు వేస్తే లేస్తుంది. ఒక్కసారి తనంతట తను లేపుకున్నవాడికి ఆ భయం సగం పోతుంది. గాలి విషయంలో కమిటీవాళ్ల సరదాకి లొంగకు. గాలి బలం కొలిచే బోఫర్ట్ స్కేలు మీద 4, అంటే 11 నుంచి 16 నాట్ల వేగం ఉంటే, అలల మీద తెల్ల నురగలు తరచుగా కనిపిస్తుంటాయి. పాతవాళ్లకి అది పండగ, నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు వారాలైనవాడికి గండం.

పిల్లల కోసం ఆరు ఆప్టిమిస్టు పడవలు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నామని రాశావు. మంచి పని. 1947లో క్లార్క్ మిల్స్ గీసిన పడవ అది. చూడటానికి స్నానాల తొట్టిలా ఉంటుంది కానీ 2.36 మీటర్ల ఆ తొట్టిలో నేర్చుకున్నవాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లారు. బోటు 35 కిలోలు, పిల్లలు ఒక్కళ్లే మోయలేరు, కాబట్టి ఇంకో ఇద్దరితో స్నేహం కుదురుతుంది. ఇబ్బంది పద్నాలుగు పదిహేనేళ్లప్పుడు. పిల్లాడు ఎదుగుతాడు, ఆ పడవ చాలదు, తర్వాత ఏమిటో ఎవరూ చెప్పరు, వాడితోపాటు వాడి ఇద్దరు స్నేహితులూ మానేస్తారు. మీ దగ్గర పాత లేజర్ పడవలు ఉన్నాయన్నావు కదా, ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు. పడవ ఒళ్లు ఒకటే, తెరచాపలు మూడు సైజులు: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. చిన్న తెరచాప ఒకటి సంపాదించి పెట్టు, అదే పడవ పిల్లాడితోపాటు పెరుగుతుంది. తల్లిదండ్రులు ఒడ్డున నిలబడి ఫొటోలు తీస్తుంటే వాళ్లకీ ఏదో పని అప్పజెప్పు. ట్రాలీ పట్టుకున్న అమ్మే మరుసటి ఏడు టైము రాస్తుంది.

మొన్నటి శుభ్రత రోజుకి తొమ్మిదిమందే వచ్చారని చిన్నబుచ్చుకున్నావు. ఎప్పుడు మొదలో చెప్పావు, ఎప్పుడు అయిపోతుందో చెప్పలేదు. ఈసారి పన్నెండింటికి వదిలేస్తామని రాయి, పన్నెండింటికి నిజంగానే వదిలెయ్. ఎప్పుడూ సణిగే ఆ పెద్దాయనకి మోకులు, ముడులు చూసే పని ఇవ్వు. చాలామంది సణుగుడు పని లేకపోవడమే.

కొత్తవాళ్ల గురించి నా కథ ఒకటి. నా రెండో ఆదివారం, ఎవరూ పలకరించకపోయేసరికి ఎవరినీ ఏమీ అడక్కుండా పడవ దింపుకుని పోయాను. పావుగంటకి పడవ బరువెక్కింది, మలుపు తిరగనంటోంది, వెనక భాగం నీళ్లలో కూరుకుపోతోంది. వెనకాల నీళ్లు పోయే కన్నానికి బిరడా పెట్టనే లేదు. అది నా జేబులోనే ఉంది. రెస్క్యూ బోటులో వచ్చిన పెద్దమనిషి ఏమీ అనలేదు, చెయ్యి చాపాడు. నేను జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఒడ్డుకు చేరాక పడవ వంచి నీళ్లన్నీ పోయేదాకా నా పక్కనే నిలబడి, "వచ్చేవారం నా క్రూగా రా" అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే నేను మళ్లీ ఆ గేటు తొక్కేవాణ్ణి కాదు. కాబట్టి గేటు దగ్గర కొత్త మొహం కనబడితే నువ్వు ఎంత బిజీగా ఉన్నా వెళ్లి పేరు అడుగు, ఎవరో ఒకరి పడవలో కూర్చోబెట్టు.

ఆ ఫోన్లు ఈ వారమే మొదలుపెట్టు. మీ దగ్గరా పిన్ను విరిగినవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. దొరికితే పాత పిన్ను కొలత రాసి పంపు. నా డబ్బాలో రెండు మూడు సైజులు పడి ఉన్నాయి, సరిపోయేది చూసి పంపిస్తాను.

మీ మావయ్య