పూల్‌లో గురి: ఏ పద్ధతిని నమ్మాలి?

సందేహం: అన్నా, మాది కావలి. ఆగస్టులో ఎమ్మెస్‌కి టెక్సాస్ వస్తున్నా. చిన్నప్పటి నుంచి క్యారమ్స్ బాగా ఆడతా, ఈమధ్య ఫ్రెండ్స్‌తో నెల్లూరు వెళ్లి స్నూకర్ కూడా ఆడుతున్నా. అక్కడ స్నూకర్ లాంటిదే పూల్ అనే ఆట ఎక్కువంట కదా. గురిపెట్టే పద్ధతి అంటూ వీడియోల్లో ఒకాయన ఘోస్ట్ బాల్ అంటాడు, ఇంకొకాయన ఫ్రాక్షన్లు అంటాడు, మరొకాయన సీటీఈ నేర్పిస్తా, కోర్సు కొనమంటాడు. డాలర్లు పెట్టొచ్చా?

జవాబు: తమ్ముడూ, కోర్సు ఇప్పుడే కొనొద్దు. నేను మూలాపేటలో క్యారమ్స్ ఆడి పెరిగినవాణ్ని కాబట్టి నీ కన్ను ఎక్కడ పొరబడుతుందో చెప్పగలను. మనవాళ్ల చూపు కాయిన్ మీద స్ట్రైకర్ తగలాల్సిన చోటే ఉంటుంది. పూల్‌లో క్యూని నేరుగా ఆ చోటికే గురిపెడితే తెల్ల బంతి మందంగా, అంటే అవతలి బంతిని ఎక్కువగా కప్పేలా తగులుతుంది, బంతి పాకెట్ దాకా కట్ అవ్వదు, అంటే కావాల్సినంత పక్కకి తిరగదు. ఘోస్ట్ బాల్ సరిచేసేది దీన్నే. పాకెట్ నుంచి వేయాల్సిన బంతి మధ్యగా ఒక గీత ఊహించుకుని, ఆ గీత మీదే బంతి వెనక, దాన్ని ఆనుకుని ఇంకో బంతి ఉందనుకో. తెల్ల బంతి మధ్యభాగం ఆ ఊహా బంతి మధ్యకి చేరాలి. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు, నువ్వు ఆడే స్నూకర్ బంతి 52.5. ఆ తేడాకి కన్ను అలవాటు పడేదాకా మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది.

ఫ్రాక్షన్లకి ఈ ఇబ్బంది లేదు. తెల్ల బంతి అవతలి బంతిని సగం కప్పేలా తగిలితే అది 30 డిగ్రీలు పక్కకి వెళ్తుంది. ముప్పావు కప్పితే సుమారు 14.5, పావు కప్పితే సుమారు 48.6. బంతి సైజు ఏదైనా ఇవే కోణాలు. నెల్లూరులో నేర్చుకున్న హాఫ్ బాల్ ఇక్కడ అలాగే పనికొస్తుంది. అయితే ఒక లెక్క చూడు. మూల పాకెట్ నోరు సుమారు 4.5 అంగుళాలు, బంతి 2.25. నాలుగడుగుల దూరం నుంచి వేయాలంటే అటూ ఇటూ ఒక డిగ్రీకి కాస్త పైన మాత్రమే వెసులుబాటు. ఫ్రాక్షన్ల మధ్య ఖాళీ చూస్తే 15 డిగ్రీలు, ఆపైన. అంటే అవి మైలురాళ్లే, మధ్య దారంతా నీ కన్నే చూసుకోవాలి.

ఇక సీటీఈ, అంటే సెంటర్ టు ఎడ్జ్. తెల్ల బంతి మధ్య నుంచి అవతలి బంతి అంచుకి గీత చూసుకుని, అక్కడి నుంచి క్యూని కాస్త తిప్పి కొట్టే రకం ఇది. ఇలాంటి పద్ధతి దేన్నైనా నేను ఒక్క ప్రశ్న వేసి చూస్తాను. రెండు బంతుల మధ్య దూరం, వరస మార్చకుండా రెండింటినీ కలిపి కొన్ని అంగుళాలు పక్కకి జరిపితే పాకెట్ కోణం మారిపోతుంది. పద్ధతి చెప్పే గీత, తిప్పే కొలత కూడా మారుతున్నాయా? మారకపోతే బంతిని వేస్తున్నది పద్ధతి కాదు, తెలియకుండానే సర్దుకుంటున్న ఆ ఆటగాడి కన్ను. అలాగని దాన్ని కొట్టిపారేయను. రోజూ ఒకేలా నిలబడటం, ఒకేలా చూడటం వల్ల టెన్షన్ తగ్గుతుంది, అదీ పెద్ద లాభమే. అంతకు మించి చెబితే నమ్మొద్దు.

గురి కచ్చితంగా ఉన్నా ఒక్కోసారి బంతి పోదు. నెమ్మదిగా, స్పిన్ లేకుండా కట్ కొడితే బంతుల మధ్య రాపిడి అవతలి బంతిని కాస్త లాగేస్తుంది. దీన్ని త్రో అంటారు. మురికి బంతులైతే ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు రవ్వంత పల్చగా, అంటే ఇంకాస్త అంచుకి తగిలేలా కొట్టాలి. డాక్టర్ డేవ్‌గా అందరికీ తెలిసిన డేవ్ ఆల్సియటోరీ, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చెప్పినాయన, హైస్పీడ్ వీడియోలు తీసి ఇవన్నీ చూపించారు. ఉచితంగానే దొరుకుతాయి, ముందు అవి చూడు.

ఆగస్టు లోపు నెల్లూరులోనే చేయాల్సిన పని ఒకటుంది. స్నూకర్ టేబుల్ మధ్య గీతలో రంగు బంతులు పెట్టే గుర్తులుంటాయి కదా, వాటిలో బ్రౌన్ స్పాట్ మీద తెల్ల బంతి పెట్టి బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా నేరుగా కొట్టు. అవతలి కుషన్‌కి తగిలి అదే గీతలో తిరిగొచ్చి క్యూ కొనకి తగలాలి. పక్కకి పోతోందంటే ఏ పద్ధతీ నిన్ను కాపాడదు. ఇది కుదిరాక పార్లర్ ఓనర్‌ని అడిగి, ఫైలు కాగితాల రంధ్రాలకి అంటించే రింగుల్ని బంతుల కింద అంటించు. ప్రతిసారీ అదే షాట్ వస్తుంది. ఒక పద్ధతితో పది, ఇంకోదానితో పది, ఎడమ కట్ కుడి కట్ రెండూ కొట్టి రాసుకో. ఎన్ని పడ్డాయన్నది ఒక్కటే కాదు, తప్పినవి ఎటు తప్పాయో కూడా రాయి. అన్నీ ఒకవైపే తప్పితే గురిలో లోపం. రెండువైపులా చెదిరితే చేతిలో లోపం. కోర్సులు కొనేవాళ్లలో చాలామందికి రెండోదే ఉంటుంది, వాళ్లు మాత్రం మొదటిదానికి మందు వెతుకుతుంటారు.

ఇక్కడికొచ్చాక ముందు యూనివర్సిటీ స్టూడెంట్ సెంటర్‌లో చూడు, చాలాచోట్ల టేబుళ్లు ఉంటాయి, ఖర్చు తక్కువ. కొత్తవాళ్లతో పరిచయాలకి కూడా అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. బార్‌లకి వెళ్తే వయసు చూపించే ఐడీ ఉంచుకో. అక్కడ ఎక్కువగా నాణేలు వేసి ఆడే ఏడడుగుల టేబుళ్లే, పాతవాటిలో కొన్నిచోట్ల తెల్ల బంతి మిగతావాటికంటే కాస్త పెద్దదో, బరువైనదో ఉంటుంది. ఆట మొదలయ్యేముందు దాన్ని వేరే బంతి పక్కన పెట్టి చూడు. పెద్దదైతే ఊహా బంతి మధ్యభాగాన్ని కొంచెం వెనక్కి జరిపి గురిపెట్టాలి.