తెలుగు టీవీకి ఏడాదికి 648 డాలర్లు: ఏవి ఉంచుకోవాలి, ఏవి మానేయాలి?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. హెచ్1బీ మీద వచ్చి ఆరేళ్లయింది. తెలుగు చానళ్ల ప్యాక్‌కు నెలకు 20 డాలర్లు, క్రికెట్ ప్యాక్‌కు 10, సినిమాల యాప్‌కు 7, వీపీఎన్‌కు 12 కడుతున్నాం. సీరియళ్ల యాప్‌కు ఏడాదికి 60. ఇవి కాక ఇండియా ఓటీటీ ఒకదానికి రాజమండ్రిలో నాకున్న పాత సేవింగ్స్ ఖాతా డెబిట్ కార్డు నుంచి ఏటా 1,499 రూపాయలు ఆటో డెబిట్ అవుతాయి. ఈసారి అది ఫెయిలైంది. ఆ ఖాతాలో 1.4 లక్షలున్నాయి. నాన్నతో కలిసి జాయింట్‌గా 8 లక్షల ఎఫ్‌డీ కూడా ఉంది. 250 డాలర్లకు ఒక బాక్సు కొంటే జీవితాంతం అన్ని చానళ్లూ వస్తాయని స్నేహితుడు చెబుతున్నాడు. మేం చూసేది వార్తలు, ఐపీఎల్, అప్పుడప్పుడూ సినిమాలు. మే నెలలో అమ్మానాన్న ఆరు నెలలుండడానికి వస్తున్నారు. ఖర్చు తగ్గించుకునే దారి చెప్పండి.

జవాబు: డాలర్లలో కడుతున్నవన్నీ కలిపితే ఏడాదికి 648 అవుతున్నాయి. ఇందులో దాదాపు 470 డాలర్లు మిగుల్చుకోవచ్చు, ఎలాగో కింద చెబుతాను. అయితే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఖరీదైన విషయం చానళ్ల ప్యాకూ కాదు, బాక్సూ కాదు. ఆ 1,499 రూపాయలు ఏ ఖాతా నుంచి వెళ్తున్నాయో ఆ ఖాతా. అందుకే మొదట దాని సంగతి చూద్దాం.

ఉద్యోగం కోసం విదేశం వెళ్లి అక్కడే ఉంటున్నవారు ఇండియాలో మామూలు సేవింగ్స్ ఖాతా కొనసాగించకూడదు. ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల ప్రకారం బ్యాంకుకు తెలియజేసి దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ప్రవాసులు ఇండియాలోని తమ డబ్బు కోసం ఉంచుకునే ఖాతాగా, మార్పించుకోవాలి. ఆరేళ్లుగా బ్యాంకు ఏమీ అనలేదంటే అంతా సరిగ్గా ఉందని కాదు, వాళ్ల రికార్డుల్లో మీరింకా రాజమండ్రిలోనే ఉన్నారని. మార్చడం పెద్ద పనేం కాదు. దరఖాస్తు, పాస్‌పోర్టు, వీసా, అమెరికా చిరునామా రుజువు, పాన్, ఫొటో కావాలి. కాపీలను నోటరీతోనో, ఇండియన్ కాన్సులేట్‌లోనో అటెస్ట్ చేయించి పంపమని బ్యాంకులు అడుగుతాయి. ఎఫ్‌డీలో మొదటి పేరు మీదైతే అదీ ఎన్‌ఆర్‌ఓకి మారాలి. నాన్నగారి పేరు మొదట ఉంటే మీరు ఎన్‌ఆర్‌ఐ అయిన సంగతి బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి.

ఎన్‌ఆర్‌ఓ అనగానే అందరూ భయపడేది టీడీఎస్‌కు, అంటే వడ్డీ ఇచ్చేటప్పుడే బ్యాంకు కోసే పన్నుకు. వడ్డీ మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, అంటే మొత్తం 31.2 శాతం కోస్తారు. మీ విషయంలో అదెంతో చూడండి. 1.4 లక్షలకు 2.5 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 3,500 రూపాయలు వస్తుంది, అందులో 1,092 పోతుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద దీన్ని 15 శాతానికి తగ్గించుకోవచ్చని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నిజమే, కానీ అందుకు అమెరికా పన్ను శాఖ నుంచి ఫారం 6166 అనే రెసిడెన్సీ సర్టిఫికెట్ కావాలి. దాని దరఖాస్తు ఫీజే 85 డాలర్లు. 567 రూపాయలు ఆదా చేయడానికి 85 డాలర్లు పెట్టక్కర్లేదు. ఇండియాలో మీకు వేరే ఆదాయం లేకపోతే అక్కడ రిటర్ను వేసి కోసినదాన్ని రీఫండ్ అడగండి. ఎఫ్‌డీ కూడా మీ పేరు మీదే ఉంటే వడ్డీ పెరుగుతుంది కాబట్టి లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఇక అమెరికా వైపు. డాలరుకు 90 రూపాయలు అనుకుందాం. 1.4 లక్షలు, 8 లక్షలు కలిపితే 9.4 లక్షలు, అంటే దాదాపు 10,444 డాలర్లు. విదేశీ ఖాతాలన్నిట్లో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఫిన్‌సెన్ ఫారం 114 వేయాలి. జాయింట్ ఎఫ్‌డీ కదా, సగమే నాది అని చాలామంది లెక్క వేస్తారు. అది తప్పు. జాయింట్ ఖాతా అయినా పూర్తి విలువ చూపించాలి. ఫారం ఆన్‌లైన్‌లో ఉచితంగా వేయొచ్చు, పన్ను రిటర్నుతో పాటు వెళ్లేది కాదు, దీని పోర్టల్ వేరు. గడువు ఏప్రిల్ 15. ఎవరినీ అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. రిటర్నులో షెడ్యూల్ బీ చివర విదేశీ ఖాతాలున్నాయా అన్న ప్రశ్నకు ‘అవును’ అని పెట్టాలి, ఇండియా వడ్డీని కూడా చూపాలి. గత సంవత్సరాల్లో వేయకపోతే ఆలస్యంగానైనా వేసే పద్ధతి ఉంది. అయితే ఆ వడ్డీని అప్పటి రిటర్నుల్లో చూపారా లేదా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ఈ ఒక్క పనికి మాత్రం విదేశీ ఖాతాలు చూసే సీపీఏకు (లైసెన్సున్న అమెరికా అకౌంటెంట్‌కు) ఫీజు ఇవ్వడానికి వెనకాడకండి. ఉద్దేశపూర్వకం కాని పొరపాటుకు కూడా ఒక్కో సంవత్సరపు రిపోర్టుకు 10,000 డాలర్లకు పైగా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది.

ఆటో డెబిట్ ఎందుకు ఫెయిలైందో మీరు రాయలేదు, కానీ మామూలుగా ఉండే కారణాలు ఇవీ. రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి మారాయి. కార్డు మీద ఆటో డెబిట్ పెట్టుకోవాలంటే మొదటిసారి ఓటీపీతో నమోదు చేయాలి. ఆ తర్వాత ఓటీటీ చందాల్లాంటివి 15,000 రూపాయల లోపైతే ఓటీపీ అక్కర్లేదు గానీ, డబ్బు కోసే ముందు కనీసం 24 గంటలకు బ్యాంకు మెసేజ్ పంపాలి. కార్డు గడువు తీరి కొత్త నంబరు వస్తే పాత నమోదు పనికిరాకపోవచ్చు. అప్పుడు మళ్లీ ఓటీపీ కావాలి, అదేమో రాజమండ్రి ఇంట్లో బీరువాలో ఉన్న సిమ్‌కు వెళ్తుంది. ఆ ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఎవరూ వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది, మీ ఓటీపీలూ వాళ్లకే వెళ్తాయి. చందా ఆగిపోతే సినిమా ఒకటి చూడలేరు, అంతే. నంబరు చేజారితే ఖాతాకే ప్రమాదం.

కాబట్టి ఎన్‌ఆర్‌ఓకి మార్చేటప్పుడే మీ అమెరికా నంబరును, ఈమెయిల్‌ను బ్యాంకులో రిజిస్టర్ చేయించండి. అమెరికా నంబరుతోనే ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచుకునే) ఖాతాల మీద యూపీఐ వాడుకునే వీలు 2023 నుంచి ఉంది, మీ బ్యాంకు ఇస్తోందో లేదో అడగండి. ఖాతా మారాక చాలా బ్యాంకులు కొత్త డెబిట్ కార్డు ఇస్తాయి. పాత కార్డు మీద ఉన్న ఆటో డెబిట్‌లన్నిటినీ ముందే నెట్ బ్యాంకింగ్‌లో చూసి రద్దు చేయండి. 1,499 కోసం వెతికితే మరచిపోయిన ఇంకో రెండు మూడు చందాలు అక్కడే బయటపడుతుంటాయి.

ఇంతకీ ఆ ఓటీటీ మీకు అవసరమా? దాన్ని నడపడానికే వీపీఎన్‌కు (మీరు ఇండియాలో ఉన్నట్టు చూపించే సర్వీసుకు) కడుతున్నారని అర్థమవుతోంది. 1,499 రూపాయలంటే 90 చొప్పున దాదాపు 17 డాలర్లు. వీపీఎన్ ఏడాదికి 144. అంటే ‘చవక’ ఇండియా ప్లాన్‌కు మీరు పెడుతున్నది 161 డాలర్లు. మీ సినిమాల యాప్‌కు పన్నెండు నెలలూ కట్టినా 84. పైగా దేశాన్ని బట్టి హక్కులు అమ్ముతారు కాబట్టి ఈ యాప్‌లు వీపీఎన్ సర్వర్లను గుర్తుపట్టి అడ్డుకుంటాయి. సరిగ్గా మ్యాచ్ మధ్యలో ఆగిపోయేది ఇందుకే. షరతులను ఉల్లంఘించారని ఖాతా మూసేస్తే డబ్బు వెనక్కి అడిగే అవకాశం కూడా ఉండదు. అదే వీపీఎన్ ఆన్‌లో ఉంచి ఇక్కడి బ్యాంకు యాప్ తెరిస్తే, వేరే దేశం నుంచి లాగిన్ అనుకుని ఖాతాను లాక్ చేసిన సందర్భాలుంటాయి. ఆఫీసు పనికి వాడకపోతే వీపీఎన్, ఇండియా ఓటీటీ రెండూ ఆపేయండి.

మిగతావి త్వరగా తేల్చేద్దాం. వార్తలకు డబ్బు కట్టొద్దు. టీవీ9, ఎన్‌టీవీ, టీవీ5, ఏబీఎన్ లాంటివన్నీ యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాయి. చానళ్ల ప్యాక్ అమ్మగారు వచ్చిన వారం నుంచి వెళ్లేదాకా ఆరు నెలలు చాలు: 120 డాలర్లు. తీసుకునేటప్పుడు ఒక్కటే చూడండి. ఇండియాలో రాత్రి ఏడున్నరకు వచ్చే సీరియల్ మీకు వేసవిలో ఉదయం తొమ్మిదికి వస్తుంది, ఆ సమయంలో టీవీ ముందు కూర్చోవడం అందరికీ కుదరదు. అందుకని లైవ్ కన్నా క్యాచప్, అంటే ప్రసారమైపోయినదాన్ని తర్వాత చూసే వీలు, ముఖ్యం. అమ్మగారు చూసే చానల్‌కు ఏడు రోజుల క్యాచప్ ఉందో లేదో ముందే అడగండి. ప్యాక్ పేజీలో ‘క్యాచప్ ఉంది’ అని రాసినా అన్ని చానళ్లకూ ఉండకపోవచ్చు. అది ఉంటే సీరియళ్ల యాప్ 60 డాలర్లూ అక్కర్లేదు, ఈ ఏడాది గడువయ్యేదాకా వాడుకుని రెన్యూవల్ ఆపేయండి. ‘ఏడాది ప్లాన్ తీసుకుంటే రెండు నెలలు ఉచితం’ అని అమ్మేవాళ్లు అంటారు. ఆరు నెలల అతిథుల కోసం పది నెలల డబ్బు కట్టడమే అది.

ఐపీఎల్ మార్చి చివర మొదలై మే చివర్లోనో జూన్ మొదట్లోనో అయిపోతుంది. క్రికెట్ ప్యాక్ మూడు నెలలకు 30 డాలర్లు. సినిమాల యాప్‌ను నాలుగు నెలలు తీసుకోండి, 28. థియేటర్ నుంచి ఓటీటీకి రావడానికి సినిమాను బట్టి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతోంది కాబట్టి, రెండు మూడు నెలలు ఆగితే చూడాల్సినవి పోగుపడతాయి. ఒక నెల కట్టి అన్నీ చూసేయొచ్చు. ఒకే సినిమా ఇండియాలో ఒక యాప్‌లో, అమెరికాలో మరో యాప్‌లో ఉండడం మామూలే. బంధువులు వాట్సాప్‌లో ఏ యాప్ చెప్పారో చూసి కట్టేయకండి, ఇక్కడి కేటలాగ్‌లో పేరు వెతికి చూశాకే కట్టండి. మొత్తం 178 డాలర్లు, టెక్సస్‌లో స్ట్రీమింగ్ మీద సేల్స్ ట్యాక్స్ ఉంది కనుక దానికి కాస్త పైన.

రద్దు చేయడంలో చాలామంది చేసే పొరపాటు, యాప్‌ను ఫోన్ నుంచి తీసేసి చందా ఆగిపోయిందనుకోవడం. ఆగదు. ఐఫోన్‌లో యాప్ లోపలే కొన్నట్టయితే సెట్టింగ్స్‌లో మీ పేరు మీద నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి ఆపాలి, అదీ రెన్యూవల్‌కు కనీసం 24 గంటల ముందు. ఆండ్రాయిడ్‌లో ప్లేస్టోర్‌లో, వెబ్‌సైట్‌లో కొంటే వెబ్‌సైట్‌లో. ఎక్కడ కొన్నారో గుర్తులేకపోతే కార్డు స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరు ఉందో చూడండి. యాపిల్, గూగుల్ పేరు ఉంటే అక్కడికే వెళ్లాలి. వెబ్‌సైట్‌లో ధర ఒక్కోసారి తక్కువుంటుంది, యాప్ స్టోర్ కమీషన్ అందులో కలపరు కాబట్టి. కొన్న రోజే ఆటో రెన్యూవల్ ఆపేయండి, చాలా సర్వీసుల్లో కట్టిన నెల పూర్తయ్యేదాకా చూడనిస్తారు. కొన్ని ఉచిత ట్రయల్స్ మాత్రం ఆపిన వెంటనే ఆగిపోతాయి, స్క్రీన్ మీద రాసింది చదివి నొక్కండి.

బాక్సు సంగతి. మీ 20 డాలర్ల ప్యాక్‌తో పోలిస్తే 250 డాలర్లు తిరిగి రావాలంటే అది పన్నెండున్నర నెలలు ఆగకుండా పనిచేయాలి. వందల చానళ్లు పంపే సర్వర్లకు నెలనెలా ఖర్చుంటుంది, అమ్మినవాడికి మీ దగ్గరి నుంచి వచ్చేది ఒక్కసారే. కొత్తగా కొనేవాళ్లు తగ్గిన రోజున ‘జీవితాంతం’ ముగుస్తుంది. ఇలాంటివాళ్లు సాధారణంగా జెల్‌లోనో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు) క్రిప్టోలోనో పంపమంటారు. క్రెడిట్ కార్డుతో కడితే సరుకు అందలేదని స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరం చెప్పే హక్కుంటుంది, జెల్‌లో మీరే పంపిన డబ్బుకు అలాంటి రక్షణ లేదు. ఇలా హక్కుల్లేని ప్రసారాలను వ్యాపారంగా నడపడాన్ని 2020 డిసెంబరులో అమెరికా తీవ్ర నేరంగా చేసింది. కొని చూసేవాళ్లను ఉద్దేశించిన చట్టం కాదది, కానీ సర్వర్ మూతపడితే మీ డబ్బు పోయినట్టే. ఇంకా చికాకైనది భద్రత. ఊరూపేరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల్లోకి మాల్‌వేర్ చేరి ఇంటి నెట్‌వర్క్‌ను నేరగాళ్లు వాడుకుంటున్నారని 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో హెచ్చరించింది. గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆపేయమని అడిగే పరికరాన్ని అనుమానించమని అందులోనే చెప్పారు. మీరు బ్యాంకు లాగిన్‌లు చేసే వైఫైకే దాన్ని తగిలిస్తారు.

పనుల వరస ఇలా పెట్టుకోండి: ఈ వారం వీపీఎన్, డెబిట్ కార్డు మీది చందాలు రద్దు. వచ్చే వారం బ్యాంకుకు ఎన్‌ఆర్‌ఓ దరఖాస్తు, అమెరికా నంబరు మార్పు. ఆ తర్వాత ఖాతా, ఎఫ్‌డీల్లో ఏడాది మొత్తంలో ఎప్పుడైనా ఉన్న గరిష్ఠ మొత్తం ఎంతో చూపే స్టేట్‌మెంట్లు తెప్పించుకుని సీపీఏను కలవండి. ఆ స్టేట్‌మెంట్లకు బ్రాంచి వాళ్లు రోజులు తీసుకుంటారు, మేలో వచ్చేటప్పుడు నాన్నగారిని పట్టుకు రమ్మందామనుకుంటే పన్ను రిటర్ను వేయాల్సిన ఏప్రిల్ 15 దాటిపోతుంది.