ఇంగ్లీష్ పదాల లిస్టుకు లాట్వియన్ అర్థాలు రాసుకుంటే భాష వస్తుందా?

రాదు, కనీసం ఒక్క పదానికి ఒక్క పదం చొప్పున రాసుకుంటే రాదు. ఇంగ్లీష్‌లో ‘గో’ అని ఒకటే ఉంటుంది కదా, లాట్వియన్‌లో నడిచి వెళ్తే ‘ఇయెత్’, బస్సులోనో కారులోనో వెళ్తే ‘బ్రౌక్త్’. ‘నో’ (know, తెలియడం) సంగతి ఇంకా కష్టం: విషయం తెలిస్తే ‘జినాత్’, ఈతో భాషో వస్తే ‘ప్రస్త్’, మనిషి పరిచయమైతే ‘పజీత్’. ఇలాంటివి చిన్న వాక్యంతో సహా రాసుకోండి, ఒట్టి పదం గుర్తుండదు.

‘టీచర్’ లాంటి మాటలకు రెండు రూపాలూ రాయాలి: మగవాళ్లయితే ‘skolotājs’, ఆడవాళ్లయితే ‘skolotāja’. తెలుగులో ‘స్కువలుఆతాయ్స్’ లాంటి ఉజ్జాయింపు ఉచ్చారణ నమ్ముకోకుండా లాట్వియన్ అక్షరాల్లోనే రాసుకోవడం మేలు, ఎందుకంటే అచ్చు మీద పెట్టే అడ్డగీతే దీర్ఘం, అది పోతే అర్థం పోతుంది. ‘కజస్’ అంటే మేకలు, ‘కాజస్’ అంటే పెళ్లి! ‘రీగ’ ఊరి పేరు, ‘రీగా’ అంటే రీగలో. హ్రస్వదీర్ఘాలు మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి ఇక్కడ తెలుగువాళ్లకు నిజంగా సులువు.

ఇంకో మాట, ‘నాకు పుస్తకం ఉంది’ అన్నట్టే వాళ్లూ ‘మన్ ఇర్ గ్రామత’ అంటారు, ‘మన్’ అంటే నాకు. ‘ఐ హ్యావ్’ దగ్గర ఇంగ్లీష్ పక్కన పెట్టి నేరుగా తెలుగులోంచే వెళ్లండి. నామవాచకానికి ఏడు విభక్తులు ఉంటాయి, అన్నీ మొదటి రోజే బట్టీ పట్టక్కర్లేదు.